ఒక్క మెతుకు చాలదు: లేజర్‌తో లోహాన్ని ముద్రించే విద్య

(స్వర్ణోత్సవ వేడుకల్లో భాగంగా 9, 10 తరగతుల విద్యార్థులు, పూర్వ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

  ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలూ, ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే.

మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఏం పని చేస్తావో పిల్లలకు అర్థమయ్యేట్టు ఒక అరగంట చెప్పు" అన్నారు. దాంతోపాటు ఇంకో మాట అడిగారు. స్వర్ణోత్సవ నిధిలోంచి బడికి ఒక త్రీడీ ప్రింటర్ కొందామని కొందరు అంటున్నారట, నీ అభిప్రాయం ఏమిటని. రెండో ప్రశ్నకు జవాబు చివర్లో చెబుతాను. మొదటిది తెలిస్తే గానీ రెండోది తేలదు.

నేను మెకానికల్ ఇంజనీరుని. ముప్పై ఏళ్లుగా లోహాలతోనే నా బతుకు. అందులో మొదటి సగం లేత్‌లు, మిల్లింగ్ మిషన్ల మధ్య గడిచింది. గత పదిహేనేళ్లుగా హైదరాబాదులో లేజర్ కిరణంతో లోహపు పొడిని కరిగించి వస్తువులు తయారుచేసే పనిలో ఉన్నాను.

లోహంతో వస్తువు చేయడానికి మన పెద్దలకు మూడు దారులు తెలుసు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి సమ్మెటతో కొట్టి కొడవలి చేస్తాడు. అది సాగదీయడం. ఇత్తడి గంట చేసేవాళ్లు లోహాన్ని కరిగించి అచ్చులో పోస్తారు. అది పోత. లేత్ మీద పనిచేసేవాళ్లు కడ్డీ తీసుకుని, అక్కర్లేనిదంతా కోసి పారేస్తారు. అది తొలచడం. ఇప్పుడు నాలుగో దారి వచ్చింది. చీమలు పుట్ట పెట్టినట్టు, ఏమీ లేని చోట నుంచి పొర మీద పొర పేర్చుకుంటూ పోవడం. దీన్నే అడిటివ్ మాన్యుఫాక్చరింగ్ అంటారు. వాడుకలో త్రీడీ ప్రింటింగ్.

లోహంతో అది ఎలా జరుగుతుందో చెబుతాను. బీరువా అంత మిషన్ ఊహించుకోండి. లోపల గాలి చొరని గది. అందులో ఆక్సిజన్ ఉంటే వేడి లోహం దాన్ని పీల్చుకుని పాడవుతుంది. అందుకని గాలిని తరిమేసి ఆర్గాన్ వాయువు నింపుతాం. గది అడుగున ఒక మందపాటి లోహపు పలక. దాని మీద ఒక బ్లేడు కదులుతూ పలచగా లోహపు పొడి పరుస్తుంది. మా అమ్మ పీట మీద బియ్యప్పిండి పరిచి చేత్తో సాపు చేసినట్టు. ఆ పొడి మీద లేజర్ కిరణం ముగ్గు వేస్తుంది. కిరణం పడ్డ చోట పొడి కరిగి, కింది పొరతో కలిసి గడ్డకడుతుంది. పడని చోట పొడి పొడిగానే ఉంటుంది. పలక కొంచెం కిందికి దిగుతుంది. బ్లేడు మళ్లీ పొడి పరుస్తుంది. మళ్లీ ముగ్గు. ఇలా కొన్ని వేల సార్లు. చివర్లో పొడి దులిపేస్తే లోపల వస్తువు బయటపడుతుంది.

"కొంచెం కిందికి" అన్నాను కదా, ఆ కొంచెం ఎంత? మీ భౌతికశాస్త్రం ల్యాబులో స్క్రూగేజి ఉంటుంది. దాని కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. మేం సాధారణంగా పరిచే పొర మందం 0.03 మిల్లీమీటర్లు, అంటే స్క్రూగేజి మీద మూడు గీతలు. మీ నోటుపుస్తకంలో ఒక్క కాగితం మందంలో సుమారు మూడు పొరలు పడతాయి. పొడి గింజలు 15 నుంచి 45 మైక్రాన్లు ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జల్లెడ పట్టిన మైదా కంటే సన్నంగా, వేళ్ల మధ్య నీళ్లలా జారిపోతుంది.

ఇక కిరణం. అందులో శక్తి 280 వాట్లు అనుకుందాం. నాలుగు సీలింగ్ ఫ్యాన్లు తిరగడానికి అయ్యేంత. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ శక్తినంతా 0.1 మిల్లీమీటరు వెడల్పు చుక్కలోకి కుదిస్తాం. లెక్క వేసి చూడండి. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. ఈ చుక్కలో తీవ్రత దానికి మూడు కోట్ల రెట్లకు పైనే. ఆ చుక్క సెకనుకు మీటరు, ఒక్కోసారి అంతకన్నా వేగంగా పరిగెడుతుంది.

దీని చరిత్ర పెద్ద పాతదేమీ కాదు. లేజర్‌ను 1960లో అమెరికాలో థియోడోర్ మైమన్ మొదటిసారి వెలిగించాడు. 1980ల మధ్యలో, నేను ఈ బడిలో చదువుతున్న రోజుల్లోనే, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డెకార్డ్ అనే విద్యార్థి తన గురువు జో బీమన్ దగ్గర లేజర్‌తో పొడిని అతికించే పద్ధతి మీద పని చేశాడు. అది ఎక్కువగా ప్లాస్టిక్ పొడికి పనికొచ్చింది. లోహపు పొడిని పూర్తిగా కరిగించే పద్ధతి మీద జర్మనీలోని ఆకెన్ నగరంలో ఫ్రౌన్‌హోఫర్ లేజర్ సంస్థ 1995లో పని మొదలుపెట్టి, మరుసటి ఏడాది పేటెంటుకు దరఖాస్తు చేసింది. అమెరికాలో శాండియా జాతీయ ప్రయోగశాల 1990ల్లోనే ఇంకో పద్ధతి తెచ్చింది. అందులో పొడిని పరచరు. లేజర్ పడే చోటికే నాజిల్ ద్వారా పొడిని చిమ్ముతారు. అరిగిపోయిన టర్బైన్ బ్లేడు కొసలు, పాడైన అచ్చులు బాగుచేయడానికి ఇది చాలా బాగుంటుంది. చిరిగిన చోట అతుకు వేసినట్టు, ఎక్కడ లోహం తక్కువైందో అక్కడే పెడతాం.

సరే, ఇంత కష్టపడి ఎందుకు చేయాలి? మన దేశపు ఉదాహరణ ఒకటి చెబుతాను. శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ రాకెట్టు ఎగరడం మీరందరూ టీవీలో చూసే ఉంటారు. దాని నాలుగో దశలో పీఎస్4 అనే చిన్న ఇంజన్ ఉంటుంది. 2024 మే 9న ఇస్రో ఆ ఇంజన్‌ను ఈ పద్ధతిలో ముద్రించి, తమిళనాడులోని మహేంద్రగిరిలో 665 సెకన్లు, అంటే 11 నిమిషాల 5 సెకన్లు మండించి చూసింది. అంతకుముందు 14 భాగాలుగా చేసి అతికించేది ఒకే ముక్కగా వచ్చింది. 19 వెల్డింగ్ అతుకులు మాయమయ్యాయి. పాత పద్ధతిలో ఒక ఇంజన్‌కు 565 కిలోల లోహం కావాల్సి వస్తే, ఇందులో 13.7 కిలోల పొడి సరిపోయింది. తయారీ సమయం 60 శాతం తగ్గింది. అదే నెల 30న చెన్నైకి చెందిన అగ్నికుల్ సంస్థ శ్రీహరికోట నుంచే, ఒకే ముక్కగా ముద్రించిన ఇంజన్‌తో ఒక చిన్న రాకెట్టును ప్రయోగించింది.

విమానాల్లోనూ అంతే. ఎయిర్‌బస్ ఏ320 నియో, బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకు వాడే లీప్ ఇంజన్లలో ఇంధనం చిమ్మే నాజిల్ కొస ఉంటుంది. పూర్వం దాన్ని 20 దాకా ముక్కలతో చేసేవారు. జీఈ సంస్థ దాన్ని ఒకే ముక్కగా ముద్రించి బరువు 25 శాతం తగ్గించింది. 2021 నాటికి అమెరికాలోని ఆబర్న్ కర్మాగారంలో అలాంటివి లక్ష తయారయ్యాయి. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, మీ ఇంట్లో ప్లాస్టిక్ బిందె, సీసా మూత చూడండి. అవి ఉక్కు అచ్చుల్లో తయారవుతాయి. అచ్చు త్వరగా చల్లారితే ఎక్కువ మూతలు వస్తాయి. డ్రిల్లు తిన్నగా తప్ప తొలచలేదు. ముద్రించిన అచ్చులో నీటి గొట్టం మూత వంపు వెంబడే తిరుగుతుంది. అదే దీని బలం. లోపలి దారి ఎంత వంకరగా ఉన్నా దీనికి కష్టం లేదు.

ఇంతవరకు విని, "అయితే కంప్యూటర్లో బొమ్మ గీసి బటన్ నొక్కితే రాకెట్టు ఇంజన్ వచ్చేస్తుందన్నమాట" అనుకుంటున్నారేమో. నేను ఈరోజు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. అది నిజమే, ఎందుకంటే గిన్నెలో నీళ్లన్నీ ఒకేలా మరిగాయి. పాత పద్ధతిలో లోహం కూడా దాదాపు అంతే. ఉక్కు కర్మాగారంలో దిమ్మె తయారవుతుంది, దాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ దిమ్మెలోంచి మేం వస్తువు కోస్తాం. లోహం మంచిదని ముందే తేలిపోయింది. ఆకారం మాత్రమే మా బాధ్యత.

ముద్రించేటప్పుడు అలా కాదు. ఆకారం తయారయ్యే క్షణంలోనే లోహమూ తయారవుతుంది. లెక్క చూడండి. పొర మందం 0.03 మిల్లీమీటర్లు, గీతకూ గీతకూ దూరం 0.1 మిల్లీమీటరు అనుకుంటే, ఒక ఘన సెంటీమీటరు లోహం గడ్డకట్టడానికి లేజర్ 333 మీటర్లు నడవాలి. కిలో ఉక్కు వస్తువు అంటే సుమారు 125 ఘన సెంటీమీటర్లు. దానికి 40 కిలోమీటర్ల పైచిలుకు నడక. ఆ నడకంతా వెల్డింగే. ఇస్రో ఇంజన్‌లో 19 అతుకులు పోయాయన్నాను కదా. అదే లెక్క వేస్తే వాటి స్థానంలో కంటికి కనిపించని వెల్డింగ్ వందల కిలోమీటర్లు వచ్చి చేరింది. ఆ దారిలో ఎక్కడ తేడా వచ్చినా అక్కడ లోహం బలహీనం. ఒక్క మెతుకు పట్టి చూస్తే సరిపోదు. ప్రతి మెతుకూ విడివిడిగా ఉడికిన అన్నం ఇది.

ఏం తేడాలు వస్తాయి? మొదటిది, వేడి తక్కువైతే పొడి పూర్తిగా కరగదు. రెండు పొరల మధ్య పలచని చీలికలా ఖాళీ మిగులుతుంది. మందంగా పోసిన అట్టు నడుమ పచ్చిగా మిగిలినట్టు. ఇది చాలా ప్రమాదం, ఎందుకంటే ఆ ఖాళీ అంచులు సూదిగా ఉంటాయి, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. రెండోది, వేడి ఎక్కువైతే లోహం కరగడంతో ఆగక ఆవిరవుతుంది. ఆ ఆవిరి కరిగిన మడుగులోకి లోతైన గుంట తవ్వుతుంది. గుంట కూలినప్పుడు అడుగున గుండ్రని బుడగ చిక్కుకుంటుంది. మూడోది, పొడి గింజల లోపలే వాయువు దాగి ఉండటం. కరిగిన లోహపు ధారను ఆర్గాన్ వాయువుతో కొట్టి చినుకులుగా చేసి ఈ పొడి తయారుచేస్తారు. అప్పుడే కొన్ని గింజల్లో వాయువు చిక్కుతుంది.

నాలుగోది లోపలి బిగువు. కమ్మరి కొడవలిని నీళ్లలో ముంచితే గట్టిపడటం చూశారు కదా. మా మడుగు చల్లబడే వేగం సెకనుకు లక్ష నుంచి 10 లక్షల డిగ్రీల దాకా ఉంటుంది. అంటే టైటానియం మిశ్రమం లాంటిది 1600 డిగ్రీలకు పైన కరిగి, కన్నుమూసి తెరిచేలోపు ఎన్నోసార్లు గడ్డకట్టేయగలదు. చల్లారిన ప్రతి పొర ముడుచుకోవాలని చూస్తుంది. కింద గట్టిపడ్డ పొరలు ముడుచుకోనివ్వవు. వేల పొరల ఈ పెనుగులాట లోపల నిలిచిపోతుంది. పలక మీద ఉన్నప్పుడు తిన్నగా కనిపించిన వస్తువు, పలక నుంచి కోయగానే విల్లులా వంగడం నేను చూశాను. ఒక్కోసారి ముద్రణ మధ్యలోనే టప్పుమని పగులుతుంది కూడా. అందుకే కోయడానికి ముందే, పలకతో సహా కొలిమిలో పెట్టి కాచి ఆ బిగువు తగ్గిస్తాం.

ఇక్కడ మన నేల మాట ఒకటి చెప్పాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం మూసల్లో ఉక్కు చేసేవారు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు ఆ రకానిదే. దాని రహస్యంలో ఒక భాగం నెమ్మదిగా చల్లార్చడం. మేం చేసేది దానికి పూర్తిగా ఎదురు. అయినా సూత్రం ఒక్కటే. లోహంలో ఏం కలిపావు, దాన్ని ఎంత వేగంగా చల్లార్చావు అన్న రెండు ప్రశ్నలకు జవాబే దాని గుణం. ఆ పనివాళ్లు కంటితో, అనుభవంతో పట్టుకున్నదాన్నే మేం మైక్రోస్కోపుతో పట్టుకుంటున్నాం.

అందుకే ఏ లోహం పడితే అది ఇందులో ముద్రణకు లొంగదు. మా పనిలో ఒక మోటు సూత్రం ఉంది: వెల్డింగ్‌కు లొంగేదే దీనికీ లొంగుతుంది. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు మంచి బుద్ధిమంతుడు. రాకెట్లలో, టర్బైన్లలో వేడి తట్టుకునే నికెల్ మిశ్రమం ఇంకొనెల్ 718 కూడా మాట వింటుంది. పళ్ల డాక్టర్లు వాడే కోబాల్ట్-క్రోమియం బాగా వస్తుంది. టైటానియంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన మిశ్రమం విమానాలకూ, మనిషి ఎముకలకూ పనికొస్తుంది. అయితే వేగంగా చల్లారడం వల్ల అది బలంగా ఉన్నా పెళుసుబారుతుంది, సాగే గుణం తగ్గుతుంది. తర్వాత వేడి చేసి దాన్ని దారికి తేవాలి.

అల్యూమినియం సంగతి విచిత్రం. 10 శాతం సిలికాన్ కలిపిన పోత రకం చక్కగా ముద్రితమవుతుంది. విమానాల్లో ఎంతో పేరున్న 7075 రకం మాత్రం గడ్డకట్టేటప్పుడు బీటలు వారిన చెరువు మట్టిలా పగిలిపోయేది. 2017లో అమెరికాలోని హెచ్ఆర్ఎల్ ప్రయోగశాల పరిశోధకులు ఆ పొడి గింజల మీద జిర్కోనియం అతి సూక్ష్మ కణాలు అంటించారు. గడ్డకట్టడం ఒకే దిక్కులో పొడవాటి స్ఫటికాలుగా సాగకుండా, ఆ కణాల చుట్టూ వేల చోట్ల ఒకేసారి మొదలైంది. పగుళ్లు ఆగాయి. పాలల్లో తోడు వేసినట్టు, చిటికెడు వస్తువు మొత్తం గడ్డకట్టే తీరునే మార్చింది. ఇక రాగి. మామూలు లేజర్ పరారుణ కాంతిని రాగి అద్దంలా వెనక్కి తిప్పికొడుతుంది. అందుకని ఆకుపచ్చ లేజర్లు వాడటం మొదలైంది. ఎందుకో తెలుసా? రాగి ఆకుపచ్చ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. మీ పుస్తకంలో పరావర్తనం పాఠం చదివినప్పుడు ఈ మాట గుర్తు చేసుకోండి.

ముద్రించాక పని అయిపోయిందనుకోకండి, అప్పటికి సగమే అయింది. బిగువు తీయడానికి కాచాలి. వైర్‌కట్ మిషన్‌తో పలక నుంచి వేరుచేయాలి. ఊతంగా ముద్రించిన సన్న కాళ్లను తీసేయాలి. ముఖ్యమైన భాగాలను ఒక మందపాటి పాత్రలో పెట్టి, టైటానియం అయితే సుమారు 920 డిగ్రీల వేడిలో, వెయ్యి వాతావరణాల ఆర్గాన్ పీడనంతో కొన్ని గంటలు నొక్కుతాం. సముద్రంలో పది కిలోమీటర్ల లోతున ఉండేంత ఒత్తిడి అది. లోపలి ఖాళీలు చాలావరకు మూసుకుపోతాయి. ఉపరితలం దాకా తెరుచుకున్న పగుళ్లు మాత్రం మూసుకోవు. తర్వాత ఆసుపత్రిలో మనిషికి చేసినట్టే సీటీ స్కాన్ చేస్తాం. ప్రతి ముద్రణలో వస్తువు పక్కనే పరీక్ష కడ్డీలు కూడా ముద్రించి, వాటిని తెగేదాకా లాగి బలం కొలుస్తాం. వాడిన పొడిని జల్లించి, రసాయన పరీక్ష చేసి గానీ మళ్లీ వాడం, ఎందుకంటే వాడిన కొద్దీ అది ఆక్సిజన్ పట్టుకుంటుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. టైటానియం, అల్యూమినియం ముద్దగా ఉంటే నిప్పుకు భయపడవు, సన్నని పొడిగా ఉంటే నిప్పురవ్వ చాలు. అలాంటి మంట మీద నీళ్లు పోస్తే ఇంకా ప్రమాదం. అందుకే మా దగ్గర మాస్కు, ఎర్తింగ్, ప్రత్యేక ఆర్పే పొడి లేకుండా ఎవరూ ఆ గదిలో అడుగు పెట్టరు.

ఇప్పుడు మా వర్క్‌షాపులో జరిగిన ఒక సంగతి. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి వచ్చిన ఒక అమ్మాయి మా దగ్గర మిషన్ చూస్తుంది. ఒకసారి 40 గంటల ముద్రణ నడుస్తోంది, టైటానియం భాగం. ముప్పైయో గంట దాటింది. కెమెరాలో పొడి పరుపు మీద వెంట్రుక లాంటి గీత ఒకటి ఆమె కంట్లో పడింది. పది పొరల తర్వాత కూడా అదే చోట ఉంది. మిషన్ ఏ హెచ్చరికా ఇవ్వలేదు. ఆ అమ్మాయి మిషన్ ఆపి నాకు ఫోన్ చేసింది. తలుపు తీసి చూస్తే పొడి పరిచే బ్లేడుకు చిన్న నొక్కు పడింది. ఆ నొక్కు ఉన్న చోటల్లా పొడి గట్టులా ఎక్కువగా పరుచుకుంటోంది.

అక్కడి నుంచి కొనసాగిస్తే డబ్బు మిగులుతుంది, గడువూ దక్కుతుంది. పైకి చూస్తే వస్తువు నున్నగా ఉంది. కొనేవాళ్లు కూడా "స్కాన్‌లో దొరక్కపోతే పంపించండి" అనే ధోరణిలోనే మాట్లాడారు. మేం పంపలేదు. ఆ భాగాన్ని సరిగ్గా ఆ గీత దగ్గర కోసి, సానబట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాం. రెండు పొరల మధ్య కరగని పొడి గింజలు గుండ్రంగా, ఆవాల్లా కనిపించాయి. అది గాలిలో ఎగిరే యంత్రంలోకి వెళ్లాల్సిన భాగం. ఆ ఫోటోను ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకు చూపిస్తాను. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ముద్రించడానికి మిషన్ ఉంది, నమ్మాలో వద్దో తేల్చడానికి మీరు ఉన్నారు.

ఈ పద్ధతి అన్నిటికీ పనికొస్తుందని కూడా అనుకోవద్దు. నట్టు, బోల్టు, తిన్నని కడ్డీ, ఇనుప గేటు లాంటివి దీనితో చేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడమే. పొడి ఖరీదు, మిషన్ నెమ్మది, ముద్రించిన ఉపరితలం గరుకు. స్క్రూ మరలు, బేరింగ్ కూర్చునే చోట్లు చివరికి మళ్లీ మిల్లింగ్ మిషనే సరిచేయాలి. కాబట్టి లేత్ పని నేర్చినవాడికి పని పోతుందన్న భయం అక్కర్లేదు. మా దగ్గర మంచి ఫిట్టరు దొరకడమే కష్టంగా ఉంది.

మన రెండు రాష్ట్రాల పిల్లలకు ఇందులో చోటు ఎక్కువే. శ్రీకాకుళం నుంచి భీమునిపట్నం దాకా తీరపు ఇసుకలో టైటానియం ఖనిజం ఇల్మెనైట్ ఉంది. టైటానియం స్పాంజి తయారుచేసే పరిజ్ఞానాన్ని హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, అంటే డీఎంఆర్ఎల్, రూపొందించింది. కేరళలోని చవరలో కర్మాగారం దానితోనే నడుస్తోంది. ప్రత్యేక లోహాల కోసం 1973లో పెట్టిన మిధాని హైదరాబాదులోనే ఉంది. లోహపు పొడుల మీద పరిశోధించే ఏఆర్‌సీఐ బాలాపూర్‌లో ఉంది. 2022లో కేంద్రం ఈ రంగానికి జాతీయ విధానం ప్రకటించింది. జాతీయ అడిటివ్ మాన్యుఫాక్చరింగ్ కేంద్రం కూడా హైదరాబాదులోనే ఏర్పడింది. ఐఐటీకి వెళ్లినవాళ్లకే ఇందులో ప్రవేశం అనుకోకండి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన చేతులు లేకుండా ఏ మిషన్ గదీ నడవదు. ఇక్కడున్న తల్లిదండ్రులకు నా మనవి, ఐటీఐ అనగానే మొహం చిన్నబుచ్చుకోకండి.

ఇక కార్యదర్శి గారి ప్రశ్న. బడికి త్రీడీ ప్రింటర్ కొనాలా? కొనండి. ప్లాస్టిక్ తీగ కరిగించి పోసే చిన్న మిషన్ చాలు, పొర మీద పొర ఎలా పేరుకుంటుందో పిల్లలు కళ్లారా చూస్తారు. కానీ అదొక్కటే కొంటే, వారం రోజులు బొమ్మలు వస్తాయి, తర్వాత గుడ్డ కప్పేస్తారు. దాన్ని కొనే ముందు ల్యాబ్ చూడండి. నిన్న సాయంత్రం సైన్సు మాస్టారితో కలిసి నేను చూశాను. 60 మంది క్లాసుకు పనిచేసే స్క్రూగేజిలు రెండే ఉన్నాయి. ఒక్కరు కొలుస్తుంటే మిగతావాళ్లు ఆ అంకె చూసి రికార్డులో రాసుకుంటున్నారు. ఇంతసేపు నేను చెప్పిందంతా కొలవడం గురించే. వేరేవాళ్లు కొలిచిన అంకె రాసుకునే అలవాటు పడ్డ పిల్లవాడు రేపు పొడి పరుపు మీద వెంట్రుక గీతను చూడలేడు.

అందుకని నా ప్రతిపాదన ఇది. ప్రింటర్ సంఘం తరఫున కొనండి. 30 స్క్రూగేజిలు, 30 వెర్నియర్ కాలిపర్స్, ఒక మంచి మైక్రోస్కోపు నేనూ మా బ్యాచ్ వాళ్లూ కలిసి ఇస్తాం. ప్రింటర్‌లో చేసిన ప్రతి ముక్కనూ పిల్లలు కొలవాలి. కంప్యూటర్లో 20 మిల్లీమీటర్లు అని గీసింది చేతికి 19.8గా వస్తే, ఆ తేడా ఎందుకొచ్చిందో రికార్డులో రాయాలి. ఆ జవాబుకు మార్కులు వేయమని మాస్టారి గారిని వేడుకుంటున్నాను. ఏటా పదో తరగతి సెలవుల్లో పదిమంది పిల్లలను మా వర్క్‌షాపుకు పిలిచి రెండు రోజులు చూపించే బాధ్యత కూడా నాది. అందులో సగం మంది ఆడపిల్లలు ఉండాలన్నది నా షరతు.

పిల్లలూ, రేపు ఉదయం రెండో పీరియడ్ సైన్సు ల్యాబులో నేనూ ఉంటాను. మీ తల వెంట్రుక ఒకటి తెచ్చుకోండి, దాని మందం మీరే కొలుద్దురు గాని.